ఆ శిలువలు సమాధులు కావు

2025 మే 21న వైట్‌హౌస్‌లో ట్రంప్, దక్షిణాఫ్రికా అధ్యక్షుడు రామఫోసాను పక్కన కూర్చోబెట్టుకుని ఒక వీడియో వేయించారు. రోడ్డుకు అటూ ఇటూ తెల్ల శిలువలు, మధ్యలో బారులు తీరిన బండ్లు. అవి వెయ్యిమందికి పైగా తెల్ల రైతుల సమాధులని చెప్పారు. కావు. 2020లో క్వాజులు-నటాల్ రాష్ట్రంలో న్యూకాజిల్ దగ్గర ఒక రైతు దంపతులను దుండగులు చంపితే, తోటి రైతులు నిరసనగా దారి వెంట పాతిన శిలువలవి. ఆ దంపతుల చావు నిజం, ఇరుగుపొరుగుల దుఃఖం నిజం. ఆ దుఃఖాన్ని అబద్ధానికి సాక్ష్యంగా నిలబెట్టడం చనిపోయినవారికి జరిగిన రెండో అన్యాయం.

దక్షిణాఫ్రికాలో తెల్ల రైతుల జాతిహననం జరుగుతోందన్న మాట ఇవాళ లోకమంతా తిరుగుతోంది. ఆ పేరుతోనే 2025 మే నెలలోనే 59 మంది ఆఫ్రికానర్లను (డచ్చి మూలాలున్న అక్కడి తెల్లవారిని) అమెరికా శరణార్థులుగా దింపుకుంది. లెక్క చూద్దాం. దక్షిణాఫ్రికాలో 2022-23లో 27,494 హత్యలు జరిగాయి. ఆఫ్రికానర్ల హక్కుల కోసం పోరాడే ఆఫ్రిఫోరమ్ సంస్థ స్వయంగా వేసిన లెక్కలోనే వ్యవసాయ క్షేత్రాల హత్యలు ఏడాదికి యాభైకి అటూ ఇటూ ఉంటాయి. చనిపోయినవారందరూ తెల్లవారూ కాదు. 2025 జనవరి నుంచి మార్చి దాకా క్షేత్రాల్లో ఆరుగురు హతులైతే, వారిలో ఐదుగురు నల్లవారని పోలీసు మంత్రి ప్రకటించారు. రైతులు, కూలీలు, మేనేజరు. ఆ ఐదుగురికి ఏ వీడియోలోనూ చోటు లేదు.

యాభై తక్కువేం కాదు. అక్కడి దాడుల్లో క్రౌర్యం వింటే ఒళ్లు గగుర్పొడుస్తుంది. బీరువా తాళంచెవి కోసం ముసలివాళ్లను కట్టేసి, ఇస్త్రీపెట్టెతో కాల్చి, మరిగే నీళ్లు పోసిన కేసులున్నాయి. 'మామూలు నేరాలే' అని కొట్టిపారేసేవారితోనూ నాకు పేచీ ఉంది. పొరుగిల్లు మైళ్ల దూరంలో, పోలీసు స్టేషను అంతకన్నా దూరంలో ఉన్నప్పుడు, కేక వేసినా వినేవాడుండడు. ఇంట్లో తుపాకులు, కూలీలకివ్వాల్సిన నగదు ఉంటాయని దొంగకు తెలుసు. ప్రభుత్వం వేయించిన విచారణ సంఘం ఈ దాడులను పరిశీలించి, 2003లో ఇచ్చిన నివేదికలో పదింట తొమ్మిదింటికి దోపిడీయే కారణమని, రాజకీయ, జాతి కారణాలు రెండు శాతం దగ్గరే ఉన్నాయని తేల్చింది.

ఈ హత్యల వెనక ఉన్నది భూమి మీది కసి అని కొందరంటారు. కసికి కారణాలు లేకపోలేదు. 1913 భూచట్టం నల్లవారికి దేశంలో ఏడు శాతం నేల మిగిల్చింది. జనాభాలో ఏడు శాతమున్న తెల్లవారి చేతిలో, వ్యక్తుల పేరనున్న సాగుభూమిలో 72 శాతం ఉందని 2017 ప్రభుత్వ లెక్క. కానీ హంతకులు ఎత్తుకెళ్లేది తుపాకులు, ఫోన్లు, డబ్బు. ఎకరం కూడా కాదు. ఇక ప్రతిపక్ష నాయకుడు మలేమా సభల్లో 'బోయర్‌ను (ఆఫ్రికానర్ రైతును) చంపండి' అన్న పాట మారుమోగుతుంది. అది ద్వేషప్రసంగం కాదని కోర్టు అన్నది. చట్టం సంగతి అలా ఉంచండి, భర్తను పోగొట్టుకున్న రైతు భార్య చెవిన పడేలా ఒక నాయకుడు ఆ పాట పాడటం తప్పే. అంతమాత్రాన ఈ హత్యల వెనక ప్రభుత్వ పథకం ఉందనడానికి రుజువు లేదు. జాతిహననం మాట కేవలం ఊహ అని వెస్టర్న్ కేప్ హైకోర్టు 2025 ఫిబ్రవరిలోనే చెప్పింది.

ఈ ప్రచారం వల్ల ఎక్కువ మేలు జరిగింది దక్షిణాఫ్రికా ప్రభుత్వానికే. అబద్ధాన్ని ఖండిస్తే చాలు, రైతు భద్రత గురించి జవాబు చెప్పనక్కర్లేదు. 2003లో గ్రామాల కమాండో దళాలను రద్దు చేస్తామని అప్పటి అధ్యక్షుడు ఎంబెకీ ప్రకటించారు. ఆ దళాలు వర్ణవివక్ష కాలంలో నల్లవారిని వేధించినవి కనుక రద్దు చేయడం సబబే. వాటి స్థానంలో రిజర్వు పోలీసులు వస్తారన్నారు. కమాండోలు 2008 నాటికి పూర్తిగా పోయారు. పల్లె మాత్రం ఈనాటికీ తన కాపలా తానే కాసుకుంటోంది. డబ్బున్న రైతు ప్రైవేటు గస్తీ పెట్టుకుంటాడు, రేడియో కొనుక్కుంటాడు. అదే క్షేత్రం చివర రేకుల ఇంట్లో ఉండే నల్ల కూలీకి ఆ రేడియో కూడా లేదు.