కాటాకి ముద్ర కావాలి, కెమెరాకి అక్కర్లేదా?



పోస్టు కొంచెం పెద్దదే. కోతల పనిలో ఉన్నవాళ్ళు రాత్రి తీరిగ్గా చదవండి. లారీ ఓనర్లు, డ్రైవర్లు మాత్రం ఇప్పుడే చదవండి.

గుంటూరు యార్డులో కాటా దగ్గర మనం ఎట్లా నిలబడతామో మీకు తెలుసు. టిక్కీ ఎక్కించేటప్పుడు కళ్ళు ముల్లు మీదే. వంద గ్రాములు తేడా వచ్చినా గొడవే. ఆ కాటాకి తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. కాటా చెడిపోయి రిపేరు చేయిస్తే మళ్ళీ ముద్ర వేయించాలి, అప్పటిదాకా దాంతో తూకం వేయకూడదు. ఇది చట్టం. ఎందుకు పెట్టారు? విప్పి బిగించిన కాటా చూడ్డానికి బాగానే ఉంటది, తూకం మాత్రం తప్పు చెప్పొచ్చు కాబట్టి.

మరి అదే సరుకుని యార్డుకి మోసుకుపోయే లారీ సంగతేంటి? ఇప్పుడొచ్చే కొత్త బండ్లలో ముందు అద్దం వెనక కెమెరా ఉంటోంది. అద్దం పగిలితే కొత్తది వేయిస్తున్నాం. ఆ కెమెరా చూపు సరిగ్గా ఉందో లేదో ఎవడూ చూడట్లేదు. ముద్ర లేని కాటా లాంటిదే అది కూడా. కాకపోతే కాటా తప్పితే పోయేది డబ్బు. ఇది తప్పితే పోయేది మనిషి.

నా కళ్ళతో చూసింది చెప్తా.

మా మేనల్లుడికి ఒక లారీ ఉంది. కొత్తది, కెమెరా ఉన్నది. ముందు బండికి మరీ దగ్గరగా పోతే బీప్ కొడుతుంది, గీత దాటితే అరుస్తుంది. మొన్న సీజన్లో ముందు పోతున్న కంకర టిప్పరు నుంచి రాయి ఎగిరొచ్చి అద్దం పగిలింది. రోడ్డు పక్క అద్దాల షాపులో రెండు గంటల్లో కొత్త అద్దం వేశారు. కెమెరా ఊడదీసి కొత్త అద్దానికి తగిలించారు. "కెమెరాకి ఏమన్నా చేయాలా?" అని మావాడు అడిగాడంట. "ఏం కాదులే, నాలుగు రోజులు తిరిగితే అదే సెట్టయిపోద్ది" అన్నాడంట షాపాయన.

ఆ మర్నాడే నా టిక్కీలు ఎక్కించారు. నేనూ క్యాబిన్లో కూర్చున్నా. తెల్లారుజామున ముందు పత్తికట్టె వేసుకుని ఒక ట్రాక్టరు పోతోంది. వెనక లైటు లేదు, రిఫ్లెక్టరు స్టిక్కరు లేదు. మావాడు ఆఖర్న చూసి బ్రేకు మీద నిలబడ్డాడు. ట్రక్కుకీ మాకూ మధ్య మనిషి పడుకునేంత జాగా మిగిలింది. ట్రాక్టరు మీద మొగుడూ పెళ్ళాం, మన బోటివాళ్ళే.

వాడు చెమట తుడుచుకుంటూ అన్న మాట ఇంకా నా చెవిలో ఉంది. "మావయ్యా, ఇట్లాంటిదాన్ని చూస్తే రోజూ అరిచేది. ఇవాళ అరవలేదేంటి?"

ఆ తర్వాత పక్క లేన్లో పోయే బండిని చూసి ఊరికే అరిచింది. సరుకు దించాక కంపెనీ వర్క్‌షాపుకి పోతే, వాళ్ళు కంప్యూటరు తగిలించి చెప్పారు: అద్దం మార్చాక కాలిబ్రేషన్ చేయలేదు, కెమెరా చూపు పక్కకి ఉంది అని. అన్ని రోజులూ డాష్‌బోర్డు మీద ఒక్క లైటు కూడా వెలగలేదు.

ఇప్పుడు "నా దగ్గర లారీ లేదు, నాకేంటి" అనుకునేవాళ్ళతో మాట్లాడతా. మీకే ముందు. రాత్రిపూట ట్రాక్టరు మీద పొలం నుంచి వచ్చేది ఎవరు? గేదెల్ని రోడ్డు దాటించేది ఎవరు? మొక్కజొన్న రోడ్డు మీద ఆరబోసి పక్కన మంచం వేసుకుని పడుకునేది ఎవరు? ఆ కెమెరా చూడాల్సింది మననే. లారీ ఓనరుకి చుట్టూ ఇనుముంది. మనకి చొక్కా ఉంది.

కాలిబ్రేషన్ అంటే ఏంటో మన భాషలో చెప్తా. అరక కట్టి మొదటి చాలు తోలేటప్పుడు ఎదురు గట్టు మీద గుర్తు పెట్టుకుని తోలతాం కదా. ఇక్కడ కాడి దగ్గర వేలెడు పక్కకి తిరిగితే గట్టు చేరేసరికి ఎంత పక్కకి పోద్ది? కెమెరా కూడా అంతే. చూపు ఒక్క డిగ్రీ పక్కకి పోతే 100 మీటర్ల దూరంలో 1.75 మీటర్లు తేడా వస్తది. హైవే మీద ఒక లేను వెడల్పు 3.5 మీటర్లు. అంటే సగం లేను తేడా. మీ ముందున్న ట్రాక్టరు దాని లెక్కలో పక్క లేన్లో ఉన్నట్టు. పక్క లేన్లోది మీ ముందున్నట్టు. ఒక్క డిగ్రీ అంటే కంటికి కనపడదు. అద్దానికి జిగురు ఒక పక్క కాస్త మందంగా పడినా, బ్రాకెట్ సరిగ్గా కూర్చోకపోయినా అంత తేడా వస్తది.

వేగం లెక్క కూడా చూడండి. గంటకి 60 కిలోమీటర్ల మీద పోయే బండి ఒక్క సెకనుకి 16 మీటర్లకి పైగా పోద్ది. హెచ్చరిక అర సెకను ఆలస్యమైతే ఎనిమిది మీటర్లు. ట్రాక్టరూ ట్రక్కూ కలిపితే ఇంచుమించు అంత పొడుగు.

దీన్ని సరిచేయడం రెండు రకాలు. ఒకటి, నిలబెట్టి చేసేది. చదునైన నేల మీద బండి పెట్టి, టైర్లలో గాలి సరిచూసి, ముందు గళ్ళ బోర్డు సెంటీమీటర్లతో కొలిచి నిలబెట్టి, కంప్యూటరు తగిలించి కెమెరాకి "నీ ముందు ఇది, నీ మధ్య ఇది" అని చెప్పడం. రెండోది, తోలుతూ చేసేది. గీతలు బాగా ఉన్న రోడ్డు మీద, కంపెనీ చెప్పిన వేగంలో, కంప్యూటరు తగిలించుకుని కొంతదూరం తోలడం. కొన్ని బండ్లకి ఒకటి చాలు, కొన్నిటికి రెండూ కావాలి. ఏది కావాలో ఆ బండి పుస్తకంలో ఉంటది. అంతేగానీ కంప్యూటరు తగిలించకుండా మన ఊరి గుంటల రోడ్డు మీద నాలుగు రోజులు తిరిగితే సెట్టయ్యేది కాదు. గీతలే లేని రోడ్డు మీద అది దేన్ని చూసి నేర్చుకుంటది?

మనకి స్ప్రేయరు తెలుసు. నాజిల్ మార్చాక బకెట్లో పట్టి నిమిషానికి ఎంత నీళ్ళు వస్తున్నాయో కొలవకుండా మందు కలిపేవాడిని ఏమంటాం? తోట మాడితే తప్పు నాజిల్‌ది అంటామా, వాడిది అంటామా?

ఇక మనవాళ్ళు చెప్పే వంకలు మూడు.

ఒకటి, "మన రోడ్లకి ఇవి పనికిరావు, వైరు పీకేస్తే సరి." పనికొస్తుందా రాదా అన్నది వేరే వాదన. కానీ ఒక్కటి గమనించండి. కెమెరా లేని బండిలో డ్రైవరు తన కళ్ళని నమ్ముకుంటాడు. తప్పు చూపు కెమెరా ఉన్న బండిలో దాన్ని కూడా నమ్ముకుంటాడు. కుక్క లేని ఇంట్లో మనిషి మెలకువగా పడుకుంటాడు. కుక్క ఉందన్న ధైర్యంతో గాఢంగా నిద్రపోయినప్పుడు అది మొరగకపోతేనే కొంప మునిగేది. పైగా ఇవి తప్పించుకుంటే తప్పేవి కావు. పెద్ద గూడ్సు బండ్లకీ బస్సులకీ తనంతట బ్రేకు పడేది, గీత దాటితే హెచ్చరించేది, డ్రైవరు కునుకు తీస్తే లేపేది తప్పనిసరి చేస్తామని కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2025లో ముసాయిదా ఇచ్చింది. రేపు మన సరుకు మోసే బండ్లన్నీ ఇవే.

రెండు, "లైటు వెలగలేదుగా, అంతా బాగున్నట్టే." మావాడి బండిలోనూ వెలగలేదు. వైరు ఊడితే, కెమెరా చెడిపోతే లైటు వెలుగుద్ది. చూపు కాస్త పక్కకి పోతే, పోయిందని దానికే తెలియకపోవచ్చు. తప్పు కాటా తనది తప్పని చెప్తదా?

మూడు, "ఖర్చు." ఇది నిజమైన బాధే, కాదనను. కానీ బీమాలో ఒక సంగతి చాలామందికి తెలియదు. మన మోటారు బీమా లెక్కలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకి సగం తరుగుదల కోస్తారు. అద్దం భాగాలకి తరుగుదల లేదు. కాబట్టి సొంత నష్టానికి పాలసీ ఉంటే అద్దం క్లెయిము వేసేటప్పుడే కాలిబ్రేషన్ ఖర్చు కూడా ఎస్టిమేటులో రాయించండి, సర్వేయరుకి చూపించండి. పని అయ్యాక అడిగితే ఎవడూ పలకడు. క్లెయిము వేస్తే నో క్లెయిమ్ బోనస్ పోయే అవకాశం ఉంది, అది కూడా లెక్క చూసుకోండి.

ఇప్పటిదాకా మనల్నీ అద్దాల షాపునీ తిట్టా. ఇప్పుడు కంపెనీల వంతు.

మావాడు అద్దం పగిలిన రోజే కంపెనీ వర్క్‌షాపుకి ఎందుకు పోలేదు? అది మాకు 120 కిలోమీటర్ల దూరం. ఫోను చేస్తే నాలుగు రోజులాగి రమ్మన్నారు. కల్లంలో మిరపకాయ ఉంది, ఆకాశంలో మబ్బుంది. నాలుగు రోజులు ఎవడు ఆగుతాడు? కాలిబ్రేషన్ చేసే కంప్యూటరూ, బోర్డులూ, వాటి వివరాలూ కంపెనీ తన చేతిలోనే పెట్టుకుని, మన దగ్గర ఊళ్ళో చదువుకున్న మెకానిక్కు కుర్రాడు కొందామన్నా ఇవ్వకపోతే, "ఏం కాదులే" అనే షాపుకి మనల్ని తోసేది కంపెనీయే. అలా తోసేసి, బండి పుస్తకంలో మాత్రం "తప్పనిసరిగా కాలిబ్రేషన్ చేయించవలెను" అని రాసి చేతులు దులుపుకుంటే సరిపోదు.

ఇది నా ఒక్కడి ఏడుపు కాదు. విడిభాగాలూ, రిపేరు పనిముట్లూ బయటి మెకానిక్కులకి అందకుండా చేస్తున్నారని 2014లోనే కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీల మీద రూ.2,544 కోట్ల జరిమానా వేసింది. కంపెనీలు అప్పీళ్ళకి పోయాయి. 2022లో కేంద్ర వినియోగదారుల శాఖ "రిపేరు హక్కు" మీద ఒక కమిటీ వేసింది. అందులో మోటారు బండ్లతో పాటు వ్యవసాయ యంత్రాలు కూడా ఉన్నాయి. అమెరికాలో కొలరాడో రైతులు కొట్లాడి 2023లో ట్రాక్టర్లకీ కోత మిషన్లకీ రిపేరు హక్కు చట్టం తెచ్చుకున్నారు. అక్కడి రైతుకి వేల ఎకరాలు ఉండొచ్చు, నాకు మూడున్నర ఎకరాలు. బాధ మాత్రం ఒకటే. నేను డబ్బు పెట్టి కొన్నదాని తాళంచెవి ఇంకొకడి జేబులో ఉంది. ఇవాళ లారీ కెమెరా, రేపు మన ట్రాక్టరు.

అయితే తాళంచెవి ఇమ్మంటున్నానని ఎవడు పడితే వాడు గుడ్డ ముక్కతో తుడిచి "అయిపోయింది పో" అనమని కాదు. కాటాకి ఉన్నట్టే దీనికీ ఉండాలి. పని నేర్చుకున్న వాడెవడైనా చేయొచ్చు. కానీ చేశాక ఏ తారీఖున, ఏ బండికి చేశాడో సంతకం పెట్టి కాగితం ఇవ్వాలి. ఆ కాగితం లేకుండా అద్దం మార్చిన బండి రోడ్డెక్కకూడదు. రూలు వచ్చేదాకా ఆగక్కర్లేదు, మనమే మొదలుపెట్టొచ్చు.

లారీ ఓనర్లకి: అద్దం వేయించే ముందే "కెమెరా బండి, కాలిబ్రేషన్ ఎవరు చేస్తారు?" అని అడగండి. మీ బండి మోడలుకి సరిపోయే, కెమెరా బ్రాకెట్ ఉన్న అద్దమే వేయించండి. జిగురు ఆరేదాకా బండి కదపొద్దు. కాలిబ్రేషన్ కుదరని రోజులుంటే ఆ సిస్టం పనిచేయదనే లెక్కలో నెమ్మదిగా తోలమని డ్రైవరుకి గట్టిగా చెప్పండి. కెమెరా ముందు దేవుడి స్టిక్కరు, పూలదండ, దిష్టి నిమ్మకాయలు కట్టొద్దు. దేవుడు కింద డాష్‌బోర్డు మీద కూర్చున్నా కాపాడతాడు.

లారీ కిరాయికి పిలిచే రైతులకి: కిరాయి బేరం ఆడేటప్పుడు ఒక్క మాట అడగండి. "ముందద్దం ఎప్పుడన్నా మార్చావా? కాగితం ఉందా?" పదిమంది అడిగితే పదకొండోవాడు అడక్కముందే చూపిస్తాడు.

మనందరికీ: ట్రాక్టరు ట్రక్కు వెనక ఎర్ర రిఫ్లెక్టరు అంటించండి. కెమెరాదే కాదు, మన తప్పు కూడా ఉంది. ఆ తెల్లారుజామున వెనక లైటు లేకుండా పోయింది మనవాడే.

ఆ మొగుడూ పెళ్ళాం వెనక్కి తిరిగి మమ్మల్ని రెండు తిట్లు తిట్టి వెళ్ళిపోయారు. ఎంత దగ్గరగా వచ్చామో వాళ్ళకి తెలియదు. మాకు తెలుసు.

మీ ఊళ్ళో కెమెరా ఉన్న బండి ఎవరిదన్నా ఉంటే ఈ పోస్టు వాళ్ళకి చదివి వినిపించండి. మీకు దగ్గర్లో ఈ పని సరిగ్గా చేసి కాగితం ఇచ్చే మెకానిక్కు ఉంటే ఏ ఊళ్ళోనో కింద రాయండి, నలుగురికీ పనికొస్తుంది. ఉంటా.