ఊరు ఎండింది వాన లేక కాదు

మన కోలారు, చిక్కబళ్ళాపురం పక్క ఊర్ల గురించి మనవాళ్ళు ఎవరు మాట్లాడినా చివరికి ఒకే మాట దగ్గర ఆగుతారు. "కరువు సీమ, ఏం చేస్తాం?" ఈ మాట విని విని నాకు విసుగు పుట్టింది.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌లో తప్పు ఎక్కడుందో పట్టేది. చూడకుండా "సర్వర్ బాగాలేదు" అంటే మేనేజర్ ఒప్పుకోడు. ఊరి విషయంలో వాన మీదికి తోసేయడం అట్లాంటిదే. మనకి ఏడాదికి ఇంచుమించు 700 మిల్లీమీటర్ల వాన. పక్కనున్న అనంతపురం సగటు 550 దగ్గర. ఏడాది పొడుగునా పారే ఏరు మనకి లేదు, నిజమే. నంది కొండల పక్క పుట్టిన పెన్న నెల్లూరికి, పాలారు తమిళనాడుకి పోతాయి. అందుకే కదా పెద్దోళ్ళు పాత కోలారు జిల్లాలో 4,000కు పైగా చెరువులు కట్టింది! ఒక చెరువు కోడి పారితే ఆ నీళ్ళు కింది చెరువుకి చేరేటట్టు గొలుసు మాదిరి కట్టినారు.

చెరువంటే కట్ట, తూము మాత్రమే కాదు. దానికొక మనిషి ఉండె: నీరుగంటి. బడిలో కన్నడం చదివిన నాకు రెండు భాషల్లోనూ ఇది ఒకటే మాట. ఏ మడికి ఎంతసేపు నీళ్ళు, ఏ కాలువ పూడింది, కట్టలో ఎక్కడ నీళ్ళు కారుతా ఉండాయి, అన్నీ ఆయనకే తెలుసు. ఈ పని చేసింది ఎక్కువగా దళిత కుటుంబాలు. కూలి అంటే కళ్ళంలో ఇచ్చే గింజలు, కొంచెం ఇనాం భూమి.

1961 చట్టం వంశపారంపర్య గ్రామ ఉద్యోగాలను రద్దు చేసింది. పుట్టుకతో పని అంటగట్టేది పోవడం మంచిదే, దాంట్లో రెండో మాట లేదు. కానీ శానుభోగు రాసే లెక్కలకి సర్కారు జీతగాణ్ణి పెట్టింది. చెరువు నీళ్ళు చూసేదానికి పెట్టలేదు. ఇప్పుడు పంచాయతీలో నీరుగంటి అంటే బోరు మోటారు స్విచ్చి వేసేవాడు!

తరువాత జరిగింది మీకు తెలుసు. దుడ్డున్నోడు తన చేలో బోరు వేసుకున్నాడు, వెయ్యి అడుగులు దాటినాడు. లేనోడు బెంగళూరు బస్సెక్కినాడు. సామాజిక అరణ్యం పేరుతో చెరువు పైతట్టులో కూడా నీలగిరి నాటినారు. కొత్తగా నాటొద్దని సర్కారు చెప్పేసరికి 2017 వచ్చింది. మిగిలిన నీళ్ళు టమోటా, పాలు, శిడ్లఘట్ట పట్టుగూళ్ళ రూపంలో బయటికి పోతా ఉండాయి.

2018 నుంచి కేసీ వ్యాలీ పైపులో బెంగళూరు వాడిన నీళ్ళు శుద్ధి చేసి మన చెరువులకి వదులుతున్నారు. చెరువులు నిండినాయి, బోర్లలో నీళ్ళు లేచినాయి, కాదనను. మూడో దశ శుద్ధి కూడా చేయమని గట్టిగా అడగాలి. కానీ చూసే మనిషి లేకపోతే ఆ నీళ్ళు కూడా పెద్ద మోటారు ఉన్నోడివే అవుతాయి. నీళ్ళు వచ్చినంత మాత్రాన ఊరు రాదు.

మన తాతల మాగాణి ఎన్ని ఎకరాలో, ఎవరి భాగం ఎవరికి పోయిందో ఇక్కడ పేరుపేరునా రాసుకున్నాం. ఆ మాగాణికి నీళ్ళు వదిలిన మనిషి పేరు ఒక్కటీ లేదు. మన పరంపర అని చెప్పుకునేదాంట్లో సగం ఆయన చేతి పనే.

గుడి గోపురానికి చందా అంటే బెంగళూరు నుంచి అందరం ఇస్తాం. చెరువుకీ ఇద్దాం. ఏ కులమైనా, ఆడైనా మగైనా, పని తెలిసిన ఒకరికి నెల జీతం. ఆయకట్టులో బోరున్న ప్రతి ఇల్లూ తన వంతు వేయాలి, మన ఇళ్ళు ముందు. అది చేతకాకపోతే "కరువు సీమ" అనే మాట మాత్రం ఇక అనొద్దండి.