చేబదులు మన సంఘాల్లో ఎందుకు ఉండకూడదు?

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఆ 61 రోజులు మర పడవలు, మోటారు పడవలు సముద్రంలోకి వెళ్లకూడదు. యానాం పరిధిలో, గౌతమీ గోదావరి చెంతనున్న దరియాలతిప్ప వంటి మత్స్యకార గ్రామాలకు ఇవి చేతిలో డబ్బు ఆడని రోజులు. ప్రభుత్వం నిషేధకాలపు సాయం ఇస్తుంది. కానీ బియ్యం, మందులు, వల బాగుచేత, బడి ఫీజు ఆ సాయం వచ్చేదాకా ఆగవు. అప్పుడు ఎవరి ముందు చెయ్యి చాచాలి? ఇది ఒక్క దరియాలతిప్ప ప్రశ్న కాదు, మన సంఘాలన్నిటి ముందున్న ప్రశ్న.

డబ్బుకు బంధుత్వం లేదంటారు. మన అలవాట్లు చూస్తే అలా అనిపించదు. పెళ్లిలో చదివింపులనే తీసుకోండి. ఎవరు ఎంత చదివించారో పేరుతో సహా పుస్తకంలో రాస్తారు. ఆ పుస్తకాన్ని ఏళ్ల తరబడి దాస్తారు. అవతలివారింట శుభకార్యం వచ్చినప్పుడు తీసి చూసి, అంతకు తగ్గకుండా చదివిస్తారు. అది కానుకా, అప్పా? రెండూ. చేబదులు కూడా అంతే. కాగితం ఉండదు, వడ్డీ ఉండదు, మాట ఒక్కటే హామీ.

అయితే డబ్బు మనుషుల మధ్య నడిచినంత మాత్రాన మంచిదైపోదు. మన తీరంలో వలకూ పడవకూ పెట్టుబడి ఇచ్చే వ్యాపారి ముఖం తెలిసినవాడే. పలకరిస్తాడు, పెళ్లికి వస్తాడు. కానీ చాలాచోట్ల ఆయన అప్పు తీరేదాకా పట్టిన చేప ఆయనకే, ఆయన చెప్పిన ధరకే అమ్మాలి. సూక్ష్మరుణ సంస్థలూ పరిచయాన్నే పూచీగా పెట్టుకున్నాయి. ఒక సభ్యురాలు వాయిదా కట్టలేకపోతే గుంపులోని మిగతావారు కట్టాలి. దానితో ఇరుగుపొరుగు ఆడవాళ్లే వసూలుకు వచ్చి గుమ్మంలో కూర్చున్నారు. ఆత్మహత్యల వార్తలు వచ్చాక, 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. తర్వాత లోన్ యాప్‌లు వచ్చాయి. అప్పిచ్చినవాడి ముఖం మనకు తెలియదు, మన ఫోనులోని పేర్లన్నీ వాడికి తెలుసు. అత్తకూ మేనమామకూ ఫోన్లు చేసి పరువు తీశారు. 2022లో రిజర్వు బ్యాంకు, ఫోనులోని పరిచయాల జాబితా జోలికి పోకూడదని నిబంధన పెట్టింది.

ఈ మూడు చోట్లా బంధుత్వాన్నే తాకట్టు పెట్టుకున్నారు. కాబట్టి అప్పు ఇచ్చేవాడు ఎదుటివాని పరువును ఎలా కాపాడుతున్నాడన్నదే మనం అడగాల్సింది.

ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం సరిగ్గా ఇక్కడికే వస్తుంది. అప్పిచ్చినవాడు తాకట్టు కోసం పొరుగువాని ఇంట్లోకి జొరబడకూడదు. బయటే నిలబడాలి, అప్పు తీసుకున్నవాడే తెచ్చి ఇస్తాడు. బీదవాడు తాకట్టు పెట్టిన వస్త్రాన్ని పొద్దుగూకేసరికి తిరిగి ఇచ్చెయ్యాలి, రాత్రి కప్పుకోవడానికి. ఆ గుమ్మం దాటే హక్కు ఏ అప్పుకూ లేదన్నమాట. ఒనేసిము ఏమైనా బాకీ ఉంటే తన లెక్కలో వేయమని పౌలు ఫిలేమోనుకు రాశాడు. పూచీ అంటే అది. బలహీనుని మెడకు చుట్టేది కాదు, బలమున్నవాడు తన మీద వేసుకునేది.

మన సంఘాలు చేయగలిగిన పని ఒకటుంది. లెక్క కోసం చెబుతున్నాను. నలభై కుటుంబాలు నెలకు వంద చొప్పున పది నెలలు దాస్తే 40,000 రూపాయలు. నిషేధకాలంలో ఎనిమిది కుటుంబాలకు 5,000 చొప్పున వడ్డీ లేని చేబదులు ఇవ్వొచ్చు. వేట మొదలయ్యాక కొద్దికొద్దిగా తిరిగి వస్తుంది, మరుసటి ఏప్రిల్‌కు మళ్లీ సిద్ధం. పొదుపు సంఘాల్లో లెక్కలు రాసి ఆరితేరిన అక్కలు మన మధ్యే ఉన్నారు, పుస్తకం వాళ్ల చేతికివ్వండి. తీసుకున్నవారి పేర్లు వేదిక మీద చదవొద్దు. ఇచ్చినవారి పేర్లు కూడా చదవొద్దు. గుడికి వచ్చేవారికేనన్న షరతు అసలే వద్దు. ఆకలికి మతం అడిగితే అది సహాయం కాదు, ఎర.

"తిరిగి కట్టకపోతే?" అని అడిగేవారుంటారు. కొందరు కట్టలేరు. వేట దొరకని ఏడాది ఉంటుంది, తుఫాను ఉంటుంది. ఆ నష్టం ఒక్క ఇంటిమీద పడకుండా నలభై ఇళ్లు పంచుకోవడానికే సంఘం. కావాలనే ఎగ్గొట్టేవాడితో మాట్లాడటానికి పెద్దలున్నారు. యెరూషలేము పేదల కోసం పోగైన చందాను పౌలు ఒంటరిగా మోయలేదు. ఎవరూ వేలెత్తి చూపకుండా సంఘాలు ఎన్నుకున్న మనిషిని వెంట పెట్టుకున్నాడు. ప్రేమ ఉన్నచోట లెక్క అక్కర్లేదనుకోవడం పొరపాటు.

ఇది ప్రభుత్వ సాయానికి బదులు కాదు. సాయం సకాలంలో అందాలని అడుగుతూనే ఉందాం, చేపకు న్యాయమైన ధర కోసం నిలబడుతూనే ఉందాం. అప్పటిదాకా మన యువతకు ఒక్క మనవి. వచ్చే ఏప్రిల్ 15కు ఇంకా ఎన్ని నెలలున్నాయో లెక్కపెట్టండి. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక ఒక నోటు పుస్తకం కొనండి.