బ్యాంకు సర్వర్ దానంతటదే లేస్తే చాలా?

ఖాతాలో డబ్బు కట్ అయింది, అవతల చేరలేదు. బ్యాంకుకెళ్తే ఒకటే మాట: ‘సర్వర్ డౌన్’. జీతం, పిల్లల ఫీజు, మందుల ఖర్చు అన్నీ అక్కడే ఆగిపోతాయి.

ప్రపంచంలో చాలా పెద్ద బ్యాంకుల లెక్కలు ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌ల మీదే నడుస్తాయి. వాటి జెడ్/ఓఎస్‌లో ఆటోమేటిక్ రీస్టార్ట్ మేనేజర్ ఉంటుంది. అప్లికేషన్ సర్వర్ పడిపోతే మనిషి కోసం ఆగకుండా తిరిగి లేపుతుంది. సిస్టమే పోతే సిస్‌ప్లెక్స్‌లోని మరో సిస్టమ్‌పై లేపుతుంది.

ఈ తొందరకి కారణముంది. లావాదేవీ మధ్యలో ఆగితే ఆ ఖాతా రికార్డుకు తాళం పడి ఉంటుంది. సర్వర్ లేచి, ఆ లావాదేవీ ఉంచాలా రద్దు చేయాలా తేలేదాకా తాళం వీడదు.

అందుకే పాలసీలో రెండు విషయాలు కీలకం. ఒకటి వరుస: ముందు డీబీ2, తర్వాత సర్వర్. రెండోది హద్దు: మార్చకపోతే 300 సెకన్లలో 3 సార్లే. హద్దు పెంచితే మంచిదేగా అనిపిస్తుంది. కానీ లోపం ప్రోగ్రాములోనే ఉంటే సర్వర్ లేస్తూ పడుతూ ఉంటుంది, అసలు కారణం మాత్రం మరుగున పడుతుంది.

రీస్టార్ట్ అన్నిటికీ మందు కాదు. 2012 జూన్‌లో బ్రిటన్‌లోని ఆర్‌బీఎస్ గ్రూపులో బ్యాచ్ పనులు నడిపే సాఫ్ట్‌వేర్ మార్పు బెడిసికొట్టి 65 లక్షల మందికి పైగా ఇబ్బంది పడ్డారు. 2014లో నియంత్రణ సంస్థలు 5.6 కోట్ల పౌండ్ల జరిమానా వేశాయి. అక్కడ తప్పింది మార్పుకు ముందు చేయాల్సిన పరీక్ష.

పాలసీ రాసి వదిలేస్తే కుదరదు. సర్వర్‌ను కావాలని ఆపి, లేచిందో లేదో, తాళాలు వీడాయో లేదో చూడాలి. ఆ పరీక్ష బ్యాంకు చేయకపోతే, జనం డబ్బుతో జరుగుతుంది.