బరువు చెప్పవలసింది కాటా, కన్ను కాదు

2020 మార్చిలో లాక్‌డౌన్ మొదలైనప్పుడు అందరి భయమూ దగ్గు, జ్వరం గురించే. ఆ రోజుల్లో మన ఒంటి బరువు ఎలా మారిందో పట్టించుకున్నవారు తక్కువ. ఆ మార్పు కొందరిలో అలాగే ఉండిపోయింది. అందుకే ఇప్పుడైనా దాని గురించి మాట్లాడుకోవాలి.

లాక్‌డౌన్ అందరినీ ఒకేలా మార్చలేదు. జీతం ఆగని ఇళ్ళలో నడక ఆగిపోయింది, టీవీ, సెల్‌ఫోను ముందు కూర్చోవడం పెరిగింది, సాయంత్రం బజ్జీలు అలవాటయ్యాయి. రోజుకు 150 కేలరీలు అదనంగా మిగిలినా చాలు, లెక్క ప్రకారం రెండు నెలల్లో కిలో పైగా కొవ్వు చేరుతుంది.

అదే సమయంలో కూలి ఆగిన ఇళ్ళ సంగతి వేరు. కందిలోని ఐఐటీ నిర్మాణ పనుల్లో ఉన్న వలస కార్మికులు జీతాల కోసం, ఇంటికి పంపమని 2020 ఏప్రిల్ 29న ఆందోళనకు దిగారు. మే 1న లింగంపల్లి నుండి హతియాకు సుమారు 1,200 మందితో దేశంలోని మొదటి శ్రామిక్ రైలు బయలుదేరింది. అందులో చాలామంది ఆ కార్మికులే. రేషన్ కార్డు ఉన్న కుటుంబాలకు ప్రభుత్వం మనిషికి 12 కిలోల బియ్యం, కార్డుకు 1,500 రూపాయలు ఇచ్చింది. అది ఆదుకున్నమాట నిజమే. అయితే బియ్యం కడుపు నింపుతుంది గాని, కండ నిలవాలంటే పప్పు, గుడ్డు, పాలు కూడా కావాలి. ఒట్టి అన్నం తింటూ కదలకుండా ఉంటే, కాటా మీద అంకె మారకపోయినా కండ తగ్గి కొవ్వు పెరగవచ్చు.

ఇక్కడే మన కన్ను మోసపోతుంది. ఇంట్లో నైటీలు, లుంగీలు వదులుగా ఉంటాయి గనుక నడుము పెరిగింది తెలియదు. రోజూ చూసే మొహంలో మార్పు కనిపించదు. చాలా రోజుల తర్వాత ఆరాధనలోనో పెళ్ళిలోనో కలిసినవారు మాత్రం "ఏం వదినా, దొడ్డుగైనవ్?" అని నవ్వుతారు. సన్నబడినవారిని "మంచిగ బక్కగైనవ్" అని మెచ్చుకుంటారు. నా అభిప్రాయంలో ఈ రెండు మాటలూ హాని చేసేవే. మొదటిది విన్న మనిషి సిగ్గుపడి కాటా ఎక్కడం మానుకుంటుంది. రెండవది విన్న మనిషి జబ్బును గుర్తించదు.

ఆ జబ్బు టి.బి. కావచ్చు. దేశంలో 2019లో సుమారు 24 లక్షల టి.బి. కేసులు నమోదు కాగా, 2020లో 18 లక్షలే నమోదయ్యాయి. జబ్బు తగ్గి కాదు, ఆస్పత్రికి రావడం, పరీక్షలు తగ్గి. "దిగులుతో చిక్కిపోయాడు, తిండి సరిగ్గా లేదు" అనుకుని ఇంట్లో ఉంచుకున్న మనిషి దగ్గుతో ఇంటిల్లిపాదికీ ప్రమాదమే.

"బరువు గొడవ ఉన్నవాళ్ళది, మనకెందుకు" అనేవారున్నారు. లాక్‌డౌన్‌కు ముందే, 2019లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తెలంగాణలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో 30 శాతం మంది అధిక బరువుతోను, దాదాపు 19 శాతం మంది తక్కువ బరువుతోను ఉన్నారు. అంటే దాదాపు ప్రతి ఇద్దరిలో ఒకరి సంగతి ఇది. ఎవరు "ఉన్నవాళ్ళు", ఎవరు "లేనివాళ్ళు" అని చూసుకునే విషయం కాదు.

కాబట్టి నా మనవి ఇది. నెలకొకసారి ఒకే కాటా మీద, ఉదయం పరగడుపున బరువు చూసుకుని తేదీతో రాసుకోండి. నడుము టేపుతో కొలవండి. స్త్రీలకు 80, పురుషులకు 90 సెంటీమీటర్లు దాటకూడదు. 150 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషికి 42 నుండి 51 కిలోలు సరైన బరువు. దాటితే షుగర్, బి.పి. పరీక్ష చేయించుకోండి. ప్రయత్నించకుండానే ఆరు నెలల్లో 50 కిలోల మనిషి రెండున్నర కిలోలు తగ్గినా, రెండు వారాలు దాటి దగ్గున్నా, ఆలస్యం చేయకండి. ప్రభుత్వ ఆస్పత్రుల్లో టి.బి. పరీక్ష, మందులు ఉచితం.

ఎదుటివారి ఒంటిని చూసి వ్యాఖ్యానించడం మానేద్దాం. "ఆరోగ్యం ఎట్లుంది?" అని అడుగుదాం. అలా అడిగితే దాచుకున్న బాధ చెప్పుకోవడానికి వారికీ ధైర్యం వస్తుంది.

— నర్సింగ్ సూపరింటెండెంట్