ఆకు తెలిసి కాచిన టీ

రథసప్తమినాడు జిల్లేడాకులు తలమీదా భుజాలమీదా పెట్టుకుని స్నానం చేయడం అరసవల్లి వైపు పుట్టిన అందరికీ అలవాటే. ఆ ఆకు నోట్లో పెట్టకూడదనీ, తుంపితే కారే పాలు కంట్లో పడకూడదనీ చిన్నపిల్లలకు కూడా తెలుసు. అమ్మమ్మలు ఆకు చేతికిస్తూనే చెప్పేశారు. పెరటి మొక్కలతో టీ కాచుకోవడం ఊళ్ళలో నేర్పాలని ఉత్సాహపడుతున్న మనం ఆ పద్ధతే పట్టుకోవాలి. కాచడం కంటే ముందు ఆకును గుర్తుపట్టడం నేర్పాలి.

శ్రీకాకుళం జిల్లాలో ఈ మాట ఇంకా గట్టిగా చెప్పాలి. ఉద్దానంలో కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు ఎన్నో ఇళ్ళను కుంగదీసింది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం వచ్చాయి గాని, జబ్బుకు మూలం ఇంకా తేలలేదు. మూలికలే కారణమని మేము అనడం లేదు. కానీ నీరసించిన కిడ్నీకి ప్రతి కషాయమూ మేలే చేస్తుందనుకోవడం ప్రమాదం. నాటువైద్యంలో వాడే గాడిదగడపాకు, ఈశ్వరి తీగ ఒకే జాతివి. వాటిలోని ఒక ఆమ్లం కిడ్నీలను పాడుచేస్తుంది. 1990లలో బెల్జియంలో సన్నబడే మందులో ఈ జాతి మొక్కే ఒకటి పొరపాటున కలిసి, వందమందికి పైగా కిడ్నీలు దెబ్బతిన్నాయి. కరోనా కాలంలో తిప్పతీగ వాడిన ఆరుగురికి కాలేయం దెబ్బతిందని ముంబై వైద్యులు 2021లో రాస్తే, అది అసలు తిప్పతీగేనా, దాన్ని పోలిన మరో తీగా అని ఆయుష్ శాఖ ప్రశ్నించింది.

అందుకే పెరటి టీకి తులసి, నిమ్మగడ్డి, పుదీనా, వామాకు, అల్లం చాలు. నీళ్ళు మరిగాక దించి, కడిగిన ఆకు నాలుగు రెబ్బలు వేసి, మూతపెట్టి ఐదు నిమిషాలు ఉంచితే వాసన పోదు. అల్లం మాత్రం దంచి నీళ్ళతోనే మరగనివ్వాలి. వేర్లూ బెరళ్ళూ కాచడం వైద్యుడికి వదిలేద్దాం. డయాలసిస్‌లో ఉన్నవారికి తాగే నీళ్ళకే కొలత ఉంటుంది. వాళ్ళు డాక్టరును అడగకుండా ఏదీ మొదలుపెట్టకూడదు.

మన పాఠకుల్లో మంచుపడే ఊళ్ళలో ఉన్నవారు తులసి, నిమ్మగడ్డి కుండీలను చలి రాకముందే ఇంట్లోకి తెచ్చుకోండి. మన సంఘం నిధులను మూలికల పొడి ప్యాకెట్లకు కాక, ఊళ్ళో మొక్కలకూ, వాటిని పిల్లలకు చూపించగల పెద్దల రోజుకూలికీ ఇవ్వాలని ప్రతిపాదిస్తున్నాం. వచ్చే సంచికకు మీ పెరటి ఆకుల ఫొటోలు పంపండి. పక్కనే మీ ఊళ్ళో దాన్నేమంటారో, ఎవరు తాగకూడదో కూడా రాయండి.