పట్టాళపు పాఠములు

సంజీవని యేదో తెలియక పర్వతమునే పెకలించి తెచ్చుచున్న హనుమంతుని చేతినుండి ఒక ముక్క జారి ముత్యంపేట చేరువను పడినదనియు, అదియే నేటి కొండగట్టు అనియు మన ప్రాంతమున చెప్పుకొందురు. ఈ కథ విని భక్తుడు చేతులు జోడించును. పట్టాళములో పనిచేసి వచ్చినవాడు చేతులు జోడించియే మీసముచాటున నవ్వుకొనును. ఏలయన, ఇండెంటులో వ్రాసినది ఒక మూలిక, తెచ్చినది ఒక పర్వతము, దారిలో పోయినది ఒక గుట్ట. సికింద్రాబాదునందలి ఆర్మీ ఆర్డినెన్స్ కోర్ కేంద్రమున లెక్కలు నేర్చిన స్టోరు గుమాస్తా యెవడైనను, అదనపు సరకును ఏ పద్దున చేర్చవలెనో, తరుగును ఎవరి జీతమున కోయవలెనో తేలనిదే లక్ష్మణుని మూర్ఛ తీర్ప సమ్మతించునా?

అడిగినదేదో తెలియనప్పుడు అంతయు మోసుకొని పొమ్మనుట సైనికుడు నేర్చు మొదటి పాఠము. రెండవది నల్ల బక్సాలో నుండును: ఒక జత మేజోళ్లు తొడుగుకొనుటకు, వేరొక జత తనిఖీలో చూపుటకు. అంచులు కలిపి మడిచిన కంబళి మంచముపై హాయిగా పవళించియుండగా, మడత చెడునేమో యన్న భీతితో దాని యజమాని నేలపై పరుండును.

మూడవది ఓరిమి. మేజరు సాబు ఆరింటికి హాజరు కమ్మనిన, ఆ మాట సుబేదారు నోట ఐదున్నరయై, హవల్దారు నోట ఐదై, నాయకు నోట నాలుగున్నరయై దిగివచ్చును. చీకటిలో మెరయు బూట్లతో నిలిచిన జవాను, సూర్యుడు వచ్చుటను, ఆ పిమ్మట ఏడింటికి సాబు వచ్చుటను, ఒకే ‘సావధాన్’ భంగిమలో తిలకించును.

2022లో వచ్చిన అగ్నిపథ్ సైనిక నియామక పథకము ప్రకారము, చేరినవారిలో నాలుగేండ్లు నిండిన పిదప నూటికి 25 మందికి మించి కొలువున నిలువరు. తక్కినవారు ఊళ్లకు మరలినప్పుడు వారికి కాపలాపని తప్ప మరేదియు తోచని పెద్దలకు ఒక మనవి: హనుమజ్జయంతినాడు కొండగట్టున మాలవిరమణకు వచ్చిన దీక్షాపరుల రద్దీలో, తోయక, తిట్టక, ముందువాని భుజముపై చేయి వేయక నిలిచిన మనిషిని ఒకసారి పలుకరింపుడు, వాడు ఫౌజీ యగుటకే అవకాశము మెండు. ఆజ్ఞలోని అసంబద్ధతను చూచి లోలోపల నవ్వుకొని, నవ్వుకొనుచునే ఆ పనిని సాంతముగా ముగింపగల నేర్పు ఏ కచేరీలోనైనను అరుదు. అట్టివానిని గేటువద్ద కుర్చీలో కూర్చుండబెట్టినచో వాడు ఓపికగా కూర్చుండును. నష్టపోవువారము మాత్రము గేటులోపలి మనమే.

— ‘మాజీ హవల్దారు’